చివరి కూత ఒక్కటే తప్పా?

మ్యాచ్ ఓడిపోయిన రాత్రి మా హాస్టల్లో ప్రతి ఒక్కడూ కోచే. మెస్‌లో సాంబారు పోసుకుంటూ ఒకడు, దండెం మీద బట్టలు ఆరేస్తూ ఒకడు, అసలు మ్యాచ్‌కే రానివాడు ఇంకొకడు. అందరి నోటా ఒకటే మాట: "చివరి కూతకి ఆ ఫస్టియర్ గుంటణ్ణి ఎవడ్రా పంపమన్నాడు?"

అది ఇంటర్ కాలేజ్ కబడ్డీ, నాకౌట్ మ్యాచ్. 31–32. ఒక్క పాయింటుతో పోయింది. చివరి కూతకి వెళ్ళి దొరికిపోయిన కుర్రాడిది మా కోటబొమ్మాళి పక్క ఊరే. నన్ను "అన్నా" అంటాడు. ఆ రాత్రి వాట్సాప్ గ్రూప్‌లో వాడి మీద వచ్చిన జోకులకి కొందరు నవ్వారు, కొందరు ఊరుకున్నారు. నేను ఊరుకున్నవాళ్ళలో ఉన్నాను. మర్నాటి నుంచి వాడు ప్రాక్టీస్‌కి రావడం మానేశాడు. సంక్రాంతి సెలవులు ఇంకా మొదలు కాకముందే బ్యాగ్ సర్దుకుని ఊరెళ్ళిపోయాడు.

నేను ఆడను. నా పని స్కోర్ పుస్తకం రాయడం, నీళ్ళ బాటిళ్ళు మొయ్యడం. కానీ ప్రతి కూతా రాస్తాను: ఎవరు వెళ్ళారు, అవతల ఎంతమంది ఉన్నారు, ఏమొచ్చింది. ఆ వారం ఒకరోజు, ల్యాబ్ రికార్డు రాయడానికి బద్ధకమేసి, ఆ పుస్తకం తెరిచాను. చివరి కూత దగ్గర్నుంచి వెనక్కి చదువుకుంటూ వెళ్ళాను. తప్పు నేననుకున్న చోట లేదు. ఎక్కడుందో తెలిశాక ఈ వ్యాసం రాయకుండా ఉండలేకపోయాను. ఎందుకో చివర్లో చెప్తాను.

ముందు లెక్కలు తెలియాలి

చిన్నప్పుడు ఊళ్ళో చెడుగుడు ఆడినవాళ్ళకి కూడా ఇప్పటి మ్యాట్ కబడ్డీ లెక్కలు కొన్ని తెలీవు. అవి తెలియకుండా "వాణ్ణెందుకు పంపావు" అని అడగడంలో అర్థం లేదు. కాబట్టి కాసేపు ఓపిక పట్టండి.

కూతకి 30 సెకన్లు. ఆ లోపు తిరిగి గీత దాటాలి. ఎవర్నీ తాకకుండా, బోనస్ కూడా తేకుండా తిరిగొస్తే అది ఖాళీ కూత. వరసగా రెండు ఖాళీ కూతలైతే మూడోది డూ ఆర్ డై. అందులో పాయింటు తేవాల్సిందే. తేకపోతే రైడర్ అవుట్, అవతలి జట్టుకి ఒక పాయింటు.

మధ్య గీత నుంచి 3.75 మీటర్ల దూరంలో బాక్ లైన్. దానికి మీటరు అవతల బోనస్ లైన్. ఒక కాలు బోనస్ లైన్ దాటి, ఆ క్షణంలో వెనక కాలు గాల్లో ఉంటే బోనస్ పాయింటు. కానీ అవతల ఆరుగురు గానీ ఏడుగురు గానీ ఉన్నప్పుడే ఆ పాయింటు లెక్క. ఐదుగురికి దిగితే ఆ గీత ఉన్నా లేనట్టే.

తాకినా, పట్టినా పాయింటుతో పాటు మనవాడొకడు లోపలికొస్తాడు. ముందు అవుటైనవాడు ముందొస్తాడు. బోనస్‌కి మాత్రం ఎవరూ తిరిగి రారు. స్కోర్ బోర్డు మీద అంకె పెరుగుతుంది, బయట కూర్చున్నవాడు కూర్చునే ఉంటాడు.

ఇంకొకటి. ముగ్గురు గానీ అంతకన్నా తక్కువ మంది గానీ ఉండి రైడర్ని పట్టేస్తే సూపర్ ట్యాకిల్, రెండు పాయింట్లు. మొత్తం జట్టు అవుటైతే ఆలౌట్. దానికి అదనంగా రెండు పాయింట్లు, అందరూ తిరిగి లోపలికొస్తారు.

ఇక ఆ తొమ్మిది నిమిషాలు

సెకండాఫ్‌లో ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయి. మేము 29, వాళ్ళు 24. మావాళ్ళు ఏడుగురూ మ్యాట్ మీదే. వాళ్ళవాళ్ళు నలుగురే. టైమవుట్ తీసుకున్నాం. కెప్టెన్ చెమట తుడుచుకుంటూ, "ఎంతరా లీడ్?" అన్నాడు. పుస్తకం నా చేతిలోనే ఉంది. "ఐదు. టైం తినేద్దాం రా, చాలు" అన్నాను. తల ఊపాడు. నాకప్పుడు చాలా తెలివైన మాట చెప్పినట్టనిపించింది.

తర్వాత పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

మా మొదటి కూత ఖాళీ. రెండోది ఖాళీ. ఈలోపు వాళ్ళొక బోనస్ పట్టుకెళ్ళారు, 29–25. మూడోది డూ ఆర్ డై. కెప్టెనే వెళ్ళాడు, దొరికిపోయాడు. 29–26. వెంటనే వాళ్ళ రైడర్ మావాణ్ణొకణ్ణి తాకి వెళ్ళాడు. 29–27.

నాలుగో కూత ఖాళీ. తర్వాత వాళ్ళ రైడర్ని మేం పట్టాం. 30–27, కెప్టెన్ లోపలికొచ్చాడు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఐదోది ఖాళీ. వాళ్ళకి మళ్ళీ బోనస్, 30–28. ఆరో కూత మళ్ళీ డూ ఆర్ డై. మళ్ళీ కెప్టెనే. మళ్ళీ దొరికాడు. 30–29.

ఆ తర్వాత వాళ్ళ రెండు కూతల్లో రెండు టచ్‌లు, 30–31. మా రెండో రైడర్ ఏడు, ఎనిమిది కూతలకి వెళ్ళి ఖాళీగా తిరిగొచ్చాడు. వాడికప్పటికే కాళ్ళు ఆడటం లేదు. వాళ్ళు తమ ఆఖరి కూతని ఖాళీగా లాగించేశారు. మిగిలింది మా తొమ్మిదో కూత. ఆట మొత్తానికీ అదే చివరిది, పైగా డూ ఆర్ డై. మావాళ్ళు ముగ్గురే: రెండో రైడర్, ఒక కార్నర్, ఈ జూనియర్. అవతల ఏడుగురూ ఉన్నారు.

బయట కూర్చున్న కెప్టెన్ జూనియర్‌కి సైగ చేశాడు. బోనస్.

వాడు వెళ్ళాడు. కార్నర్ వాణ్ణి ఒకసారి ఊరించి, పక్కకి జరిగి, కాలు వేశాడు. అంపైర్ చెయ్యెత్తాడు. బోనస్ వచ్చింది! 31–31. కానీ కూత అక్కడితో అయిపోదు కదా. తిరిగి ఇవతలకి రావాలి. వెనక్కి తిరిగే లోపు కార్నర్ వాడి మడమ అందుకున్నాడు. మిగతావాళ్ళు మీద పడ్డారు. పట్టుకి వాళ్ళకో పాయింటు. 31–32. విజిల్.

హాస్టల్లో జోకులేసినవాళ్ళలో సగం మందికి వాడు బోనస్ తెచ్చాడన్న సంగతే తెలీదు.

వాణ్ణి పంపడం తప్పా?

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ క్షణంలో కెప్టెన్ ముందున్న దారులెన్ని? రెండే. అలిసిపోయి వరసగా రెండు ఖాళీ కూతలు తెచ్చిన రెండో రైడర్. లేదా అదే రోజు అప్పటికే మూడు బోనస్‌లు తెచ్చిన జూనియర్. అవతల ఏడుగురున్నారు కాబట్టి బోనస్ గీత పనిచేస్తోంది. ఏడుగురి మధ్యలోకి వెళ్ళి ఒకణ్ణి తాకి రావడం కంటే, ఒక కాలు వేసి రావడం తేలిక. బోనస్‌తో తిరిగొస్తే స్కోరు సమం. ఆట మిగిలుండేది. నా పుస్తకం ప్రకారం అక్కడ జూనియర్‌ని పంపడమే సరైన నిర్ణయం. ఫలితం బాగోలేదు, అంతే.

సరైన నిర్ణయం, చెడ్డ ఫలితం. ఈ రెండూ ఒకేచోట ఉండొచ్చని ఒప్పుకోవడం మనకి చాలా కష్టం. పరీక్షకి బాగా చదివినవాడు ఫెయిలైతే "సరిగ్గా చదవలేదు" అంటాం. ఏమీ చదవకుండా పాసైనవాణ్ణి "తెలివైనవాడు" అంటాం. ఫలితం చూసి నిర్ణయానికి మార్కులేస్తాం.

ఇది మన దగ్గరే కాదు. 2015 ఫిబ్రవరి 1న అమెరికన్ ఫుట్‌బాల్ సూపర్ బౌల్‌లో ఇలాంటిదే జరిగింది. సియాటిల్ సీహాక్స్ 24–28తో వెనకబడి ఉంది. గీతకి ఒక్క గజం దూరం. 26 సెకన్లు, చేతిలో ఒక్క టైమవుట్. జట్టులో మార్షాన్ లించ్ ఉన్నాడు, బంతి గుండెలకి హత్తుకుని మనుషుల్ని తోసుకుంటూ పోయే రకం. అందరూ అతనికే బంతి ఇస్తారనుకున్నారు. కోచ్ పీట్ కారల్ జట్టు పాస్ వేసింది. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ ఆటగాడు మాల్కమ్ బట్లర్ మధ్యలో దాన్ని ఎగరేసుకుపోయాడు. ఆట అయిపోయింది. ఆ ఒక్క పాస్ గురించి ఈనాటికీ వాదిస్తూనే ఉన్నారు. కానీ ఆ పాస్ ఎవరికీ అందక కింద పడి ఉంటే గడియారం ఆగేది, ఇంకో రెండు ప్రయత్నాలకి వీలుండేది. అంటే దాని వెనక ఒక లెక్క ఉంది. లెక్క ఉన్నా ఓడిపోవచ్చు.

మన కబడ్డీలోనూ అంతే. 2023 అక్టోబర్ 7న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్, భారత్ – ఇరాన్. 28–28 దగ్గర పవన్ సెహ్రావత్ డూ ఆర్ డైకి వెళ్ళాడు. ఎవర్నీ తాకకుండా లాబీలోకి వెళ్ళాడా, వెనకే వచ్చిన డిఫెండర్ల సంగతేంటి, ఏ రూలు వర్తిస్తుంది అని పెద్ద రగడై ఆట ఆగిపోయింది. చివరికి 33–29తో మనం గెలిచాం. ఆ మ్యాచ్ అనగానే అందరికీ ఆ ఒక్క కూతే గుర్తొస్తుంది. అంతకుముందు రెండు జట్లూ తెచ్చుకున్న ఇరవై ఎనిమిదేసి పాయింట్లు ఎవరికీ గుర్తులేవు.

మరి తప్పెక్కడ?

పుస్తకంలో మా తొమ్మిది కూతల పక్కన, అవతల ఎంతమంది ఉన్నారో వరసగా రాసుకున్నాను. మొదటి మూడు కూతలప్పుడు నలుగురు. నాలుగోదానికి ఆరుగురు. ఐదు, ఆరు కూతలకి ఐదుగురు. చివరి మూడింటిలో మొదటిదానికే ఏడుగురైపోయారు, ఆఖరి దాకా అలాగే ఉన్నారు.

ఈ వరస చూశాక నాకు నిద్ర పట్టలేదు. నలుగురు ఉన్నప్పుడు ఆగాం. ఏడుగురు వచ్చాక దూకాం.

అవతల నలుగురు ఉన్నప్పుడు కూతకి వెళ్ళడం ఎంత లాభమో చూడండి. చైన్ కట్టడానికి మనుషులు చాలరు, కార్నర్‌కీ కవర్‌కీ మధ్య ఖాళీలు పెద్దవి. దొరికినా పోయేది ఒక్క పాయింటే, ఎందుకంటే సూపర్ ట్యాకిల్ ముగ్గురికి దిగితేనే. ఆ నలుగురూ పోతే నాలుగు పాయింట్లు, ఆలౌట్‌కి రెండు, మొత్తం ఆరు. అలాంటి చోట మేం ఏం చేశాం? మధ్య గీత దగ్గర కాళ్ళాడిస్తూ 30 సెకన్లు గడిపి తిరిగొచ్చాం.

టైం తినడం ఊరికే రాదు. అది అప్పు. మొదటి రెండు ఖాళీ కూతలు అప్పు తీసుకోవడం, మూడోది వడ్డీతో కట్టడం. మామూలు కూతలో రైడర్‌కి వెనక్కి తిరిగే దారి ఉంటుంది. వాడు వస్తాడో, పోతాడో అవతలివాళ్ళకి తెలీదు. డూ ఆర్ డైలో వాడు వచ్చి తీరాలని ఏడేళ్ళ పిల్లాడికి కూడా తెలుసు. వాళ్ళు ముందుకి రారు. లోపలే కూర్చుని ఎదురు చూస్తారు.

ఇంజినీరింగ్ పిల్లలం కాబట్టి చిన్న లెక్క. ఇవి ఉదాహరణకి వేసుకున్న అంకెలే. డూ ఆర్ డైలో పదికి నాలుగుసార్లు గెలిచి ఆరుసార్లు దొరుకుతామనుకుందాం. పది డూ ఆర్ డైలకి ముందు ఇరవై ఖాళీ కూతలు ఉంటాయి. అంటే ముప్పై కూతలు వెళ్తే మనకి 4, వాళ్ళకి 6. రెండు పాయింట్లు నష్టం. అదే మామూలు కూతల్లో పదికి మూడుసార్లు పాయింటు, రెండుసార్లు దొరకడం, ఐదుసార్లు ఖాళీ అనుకోండి. పది కూతలకే ఒక పాయింటు లాభం. అంకెలు అటూ ఇటూ మార్చి మీరే వేసి చూడండి. దొరకడం గెలవడం కన్నా ఎక్కువైన ప్రతిచోటా అప్పు ముంచుతుంది.

పాయింట్లతో పోయేది కాదు ఇంకొకటుంది. రైడర్ దొరికితే మనవాడొకడు బయటికి, వాళ్ళవాడొకడు లోపలికి. ఒక్క కూతతో రెండు తలల తేడా. మేం రెండుసార్లూ కట్టింది మా మంచి రైడర్‌తోనే. రెండోసారి అవుటయ్యాక కెప్టెన్ కంటే ముందు మా డిఫెండర్ ఒకడు బయట ఉన్నాడు. అంటే కెప్టెన్ తిరిగి రావాలంటే టచ్‌ల్లోనో పట్టుల్లోనో రెండు పాయింట్లు కావాలి. అవి రాలేదు.

అలాగని టైం తినడం ఎప్పుడూ తప్పు కాదు. మన ప్రత్యర్థులు చేసింది చూడండి. ఒక్క పాయింటు లీడ్‌తో, ఒకే ఒక్క కూత మిగిలినప్పుడు దాన్ని ఖాళీగా లాగించారు. అప్పు తీర్చే గడువు రాకముందే గంట మోగిపోయింది. అది తెలివి. తొమ్మిది నిమిషాల ముందు మొదలుపెడితే మూడుసార్లు కట్టాలి. అది మేం చేసింది. చెప్పింది నేను.

ఒక్కడి మీద ఆట

రెండు డూ ఆర్ డైలకీ కెప్టెనే ఎందుకు వెళ్ళాడు? పెద్ద రైడర్ కాబట్టి. మనకో అలవాటుంది. కష్టం వస్తే పెద్దాయన్నే పంపుతాం. తెలుగు టైటాన్స్ అభిమానులకి ఈ బాధ బాగా తెలుసు. 2015 సెమీఫైనల్లో బెంగళూరు బుల్స్ చేతిలో 38–39, ఒక్క పాయింటుతో పోయింది. 2023 వేలంలో 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టి పవన్ సెహ్రావత్‌ని తెచ్చుకున్నారు. ఆ సీజన్లో 22 మ్యాచ్‌ల్లో గెలిచినవి 2. పవన్ ఆడలేక కాదు. ఒక్కడు బయట కూర్చున్నప్పుడు మిగతావాళ్ళు ఏం చెయ్యాలన్నది కూడా ఆటే. మా జూనియర్‌ని ఆ తొమ్మిది నిమిషాల్లో చివరి కూత దాకా ఒక్కసారి కూడా పంపలేదు. వాణ్ణి నమ్మింది ఎప్పుడంటే, నమ్మడానికి ఇంకెవరూ లేనప్పుడు.

కోటబొమ్మాళిలో

సంక్రాంతికి ఊరెళ్ళాను. కనుమ రోజు సాయంత్రం బండేసుకుని జూనియర్ వాళ్ళూరు వెళ్ళాను. వాళ్ళింట్లో అరిసెలు పెట్టారు. వాడు నా ముఖం వంక చూడటం లేదు. ఊరి చివర పొలంలో పిల్లలు సున్నంతో గీతలు గీసి కబడ్డీ ఆడుతున్నారు, వీడు గట్టు మీద కూర్చున్నాడు. పక్కన వాళ్ళ మావయ్య ఉన్నాడు. ఉద్దానం వైపు మనిషి, కొబ్బరి తోట. ఒకప్పుడు ఆయన కూతకెళ్తే పది ఊళ్ళకి తెలిసేదంట.

నేను పుస్తకం తీశాను. ఒక్కో కూతా చదివి చెప్పాను. నలుగురు, నలుగురు, నలుగురు, ఆరుగురు... మావయ్య వింటున్నాడు. అయ్యాక అన్నాడు: "మా రోజుల్లో గడియారం ఏటి బాబూ, గుక్కే గడియారం. గుక్క ఉన్నంతసేపే ఆట. దాచుకుంటే ఏటొస్తాది?" కాసేపాగి మళ్ళీ అన్నాడు: "తిత్లీ తుఫానెళ్ళిపోనాక అందరూ నాకు సెప్పినోళ్ళే, ముందే కాయ కోసీవలసింది అని. గాలి రాకముందు ఒక్కడూ సెప్పలేదు."

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో పడిపోయిన కొబ్బరి, జీడిమామిడి చెట్ల సంగతి మా వైపు వాళ్ళెవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఆయన ఆ మాట నన్ను దెప్పడానికి అనలేదు. కానీ నాకు తగిలింది.

"టైం తినమని చెప్పింది నేనేరా" అన్నాను జూనియర్‌తో. "గ్రూప్‌లో అందరూ నిన్నంటుంటే నోరు మూసుకున్నదీ నేనే." వాడు ఏమీ అనలేదు. పుస్తకం నా చేతిలోంచి తీసుకుని చివరి పేజీ చూశాడు. తొమ్మిదో కూత పక్కన నేను రాసిన "బోనస్ – 1" అన్నది చాలాసేపు చూశాడు.

ఓడిపోయాక ఏం అడగాలి?

ఇప్పుడు మా జట్టు ప్రతి మ్యాచ్ తర్వాత, గెలిచినా ఓడినా, మూడు ప్రశ్నలు వేసుకుంటోంది. ఆ నిర్ణయం తీసుకున్న క్షణంలో మనకి తెలిసింది ఎంత? అప్పుడున్న మిగతా దారులేంటి, వాటిలో ఇదెన్నోది? చివరి కూత కాక, ఆ చివరి కూత దాకా మనల్ని తెచ్చిన కూతలేవి? గెలిచిన మ్యాచ్‌కి ఇవి అడగడం ఇంకా కష్టం. గెలిచాక ఎవడికీ పుస్తకం అక్కర్లేదు.

సెలవులయ్యాక తొమ్మిది కూతల పేజీ ఫొటో తీసి గ్రూప్‌లో పెట్టాను. కింద "టైమవుట్‌లో సలహా ఇచ్చింది నేను" అని రాశాను. కెప్టెన్ ఫోన్ చేసి, "ఒప్పుకుంది నేను కదరా, నీ ఒక్కడిదే ఎలా అవుతుంది" అన్నాడు. ఇద్దరు ముగ్గురు జోకులేశారు. ఈసారి నా మీద. పర్లేదు.

జూనియర్ ప్రాక్టీస్‌కి తిరిగొచ్చాడు. మొదటి రోజే బూట్ల లేసు కట్టుకుంటూ అడిగాడు: "అన్నా, నిజం చెప్పు. మళ్ళీ అలాంటి చివరి కూతే వస్తే నన్ను పంపమంటావా?"

"అవతల ఆరుగురో ఏడుగురో ఉంటే నిన్నే" అన్నాను. "ఐదుగురుంటే మాత్రం వద్దంటాను. బోనస్ ఉండదు కదా."

వాడు నవ్వి మ్యాట్ మీదకి పరుగెత్తాడు.